రెండో రివ్యూయర్ చేతిలో పడ్డ మా పేపర్

నిన్న సాయంత్రం పేపర్ యాక్సెప్ట్ అయింది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

రాత, బొమ్మలు, అప్‌లోడ్, ఎడిటర్ గడప దాటడం, వీటిలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించేవాళ్లలో మొదటి రివ్యూయర్ నాలుగు అచ్చుతప్పులు చూపించి వదిలేశాడు.

మా పని న్యూట్రోఫిల్స్ మీద. మన రక్తంలోని తెల్లకణాల్లో ఎక్కువ భాగం ఇవే. బ్యాక్టీరియాను మింగగానే వీటి పొరలో ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మేలుకుని, ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ అంటించి సూపరాక్సైడ్ తయారు చేస్తుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. దాన్ని మయెలోపెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ క్లోరైడ్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుస్తుంది, అంటే బ్లీచింగ్ సరుకే. ఆక్సిడేజ్ పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ వస్తుంది, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లే. మేం పరీక్షించిన పదార్థం ఈ ఆక్సిడేజ్‌ను ఆపుతుందని రాశాం. ఆధారం ఒక కిట్‌లో వచ్చే డీసీఎఫ్ అనే రంగు. కణంలో ఆక్సీకరణ జరిగితే ఆకుపచ్చగా వెలుగుతుంది, మా పదార్థం వేస్తే ఆ వెలుగు తగ్గింది.

రెండో రివ్యూయర్ మొదటి వాక్యమే ఇది: తాము కొలిచిందేమిటో రచయితలకు తెలిసినట్టు లేదు.

దాన్ని మా గైడ్ ల్యాబ్ మీటింగ్‌లో, నిన్నగాక మొన్న చేరిన జూనియర్ల ముందు పైకి చదివి, నా వైపు చూశారు. ఆ కిట్ కొనమన్నది ఆయనే. ఆ మాట అక్కడ అనలేం కదా! తల దించుకుని నోట్‌బుక్‌లో ఏదో గీస్తూ కూర్చున్నాను.

కడుపు మండినా, ప్రశ్న గట్టిదే. డీసీఎఫ్ రంగు పెరాక్సైడ్‌తో నేరుగా కలవదు, మధ్యలో పెరాక్సిడేజో ఇనుమో ఉండాలి. న్యూట్రోఫిల్‌లో ఆ మధ్యవర్తి మయెలోపెరాక్సిడేజే కావచ్చు. మరి పదార్థం ఆ మధ్యవర్తి చేతులు కట్టేస్తే? ఆక్సిడేజ్ శుభ్రంగా నడుస్తున్నా వెలుగు తగ్గుతుంది. కిట్‌తో వచ్చే కాగితంలో ఇవేవీ ఉండవు, ‘ఆర్‌ఓఎస్ కొలుస్తుంది’ అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. సూపరాక్సైడ్, పెరాక్సైడ్ లాంటి చురుకైన అణువులన్నిటికీ ఉమ్మడి పేరే ఆర్‌ఓఎస్. ఆర్‌ఓఎస్ అని గంపగుత్తగా అనకుండా ఏ అణువో చెప్పమని 2022లో నేచర్ మెటబాలిజంలో వచ్చిన మార్గదర్శకాలు మొత్తుకున్నాయి. కిట్లు అమ్మేవాళ్లకు ఆ పత్రిక అందదేమో.

ఇక కొత్త ప్రయోగాల తిప్పలు. న్యూట్రోఫిల్స్‌ను ఫ్రీజర్‌లో దాచుకోలేం. ఉదయం రక్తం తీస్తే ఆ పూటే పని ముగించాలి. పైగా వీటికి ముక్కుమీదే కోపం. ట్యూబు గట్టిగా కుదిపినా, వీటిని ఉంచే బఫర్ ద్రావణంలో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం జాడ ఉన్నా రెచ్చిపోతాయి. సూపరాక్సైడ్ తగిలితే రంగు మారే సైటోక్రోమ్ సీ అనే ప్రొటీన్‌తో కొలవబోతే, 550 నానోమీటర్ల కాంతి దగ్గర ఆ మార్పును చూపే గీత, కణాలను రెచ్చగొట్టే పీఎంఏ అనే రసాయనం వేయకముందే పైకి పాకేది. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. ‘నీ చెయ్యి తేడా’ అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి అందరూ వాడే బఫర్ సీసా పక్కన పెట్టి, ఎండోటాక్సిన్ లేని నీటితో సొంతంగా కలుపుకుని, కణాలు కుదుపుకు గురికాకుండా సెంట్రిఫ్యూజ్ యంత్రం బ్రేక్ ఆపేశాక గీత కదలకుండా పడుకుంది. నా సీసా మీద ఇప్పుడు ఎర్ర టేపు ఉంది. ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను.

పీఎంఏ వేశాక గీత నిటారుగా లేచింది. సూపరాక్సైడ్‌ను తొలగించే డిస్మ్యూటేజ్ ఎంజైమ్ కలిపితే లేవలేదు. కొలుస్తున్నది సూపరాక్సైడేనని తేలింది. మా పదార్థం వేస్తే? అలాగే లేచింది, ఇసుమంత తేడా లేదు. కణాలు ఆక్సిజన్ ఎంత వాడుతున్నాయో కొలిచే ఎలక్ట్రోడ్‌తోనూ చూశాను. ఈ కణాలు మింగేటప్పుడు ఆక్సిజన్ వాడకం పెరుగుతుందని బాల్డ్రిడ్జ్, జెరార్డ్ 1933లోనే చూపించారు, ఈ కిట్లేవీ లేని రోజుల్లో. ఆ వాడకమూ తగ్గలేదు. తర్వాత హైపోక్లోరస్ ఆమ్లాన్ని టారిన్ అనే పదార్థంతో పట్టి కొలిస్తే, అక్కడ బాగా పడిపోయింది. శుద్ధి చేసిన మయెలోపెరాక్సిడేజ్ మీద వేసినా అంతే.

పేపర్ శీర్షికలోంచి ఆక్సిడేజ్ పోయి మయెలోపెరాక్సిడేజ్ వచ్చింది. ‘నాకు మొదట్నుంచీ అనుమానమే’ అంటున్నారు సార్. జూనియర్లు తలలూపుతున్నారు.

ఈ దారిలో వచ్చేవాళ్లకు ఒక మాట. ఇన్హిబిటర్, అంటే ఎంజైమ్‌ను ఆపే మందు, సీసా మీది పేరు నమ్మకండి. డీపీఐ అనే రసాయనాన్ని ఆక్సిడేజ్ ఇన్హిబిటర్ అని అమ్ముతారు గానీ, ఫ్లేవిన్ అనే సహాయక అణువు ఉన్న ఎంజైమ్‌లు చాలావాటిని అది ఆపుతుంది. రివ్యూయర్‌కు జవాబు మాత్రం కోపంలోనే రాయండి, పదును ఉంటుంది. మర్నాడు విశేషణాలు పీకేసి పంపండి. నా జవాబు అసలు పేపర్ కంటే పొడుగు. అలాంటి జవాబు అరుదని ఎడిటరే రాశాడు.

రెండో రివ్యూయర్ ఆఖరి వ్యాఖ్యలో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడో బొమ్మలో నిలువు గీతకు యూనిట్లు రాయలేదట. ఇవాళ పొద్దున రాసి పంపాను.