పాత హెచ్‌ఓ ఇంజను కొనేముందు

హెచ్‌ఓ అంటే 1:87 స్కేలు, అసలు రైలులో 87వ వంతు సైజు మోడల్ రైలు. అలాంటి పాత ఇంజను చేతికొస్తే పెయింటు మెరుపు తర్వాత, ముందు అడుగున లోహపు ఫ్రేమును టార్చి వేసి చూడండి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు నాటి జింకు పోతల్లో సీసం కలిసి ఉంటే లోపల్నుంచే ఉబ్బి, పగిలి, పొడిగా రాలుతుంది. దానికి మందు లేదు. ఎంత చవకైనా వదిలేయండి.

పెట్టెలో ఏళ్లు మగ్గినదాన్ని వెంటనే నడపొద్దు, పాపం. నూనె ఎండి జిగురైపోతుంది, మోటారు వేడెక్కుతుంది. పళ్లచక్రాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, ఇరుసు తిరిగే ప్రతిచోటా సూదిమొనంత నూనె చాలు. అదీ ప్లాస్టిక్‌ను పాడుచేయని రకం. మోటారులో కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు రాసుకునే రాగి భాగం, అంటే కమ్యుటేటర్ మీద మాత్రం పడనివ్వకండి: బ్రష్షుల బొగ్గుపొడితో కలిసి ముద్దై సందులు పూడ్చేస్తుంది. చక్రాల రబ్బరు పట్టీలకూ తగలకూడదు, పట్టు పోతుంది.