జేపీ నగర్‌లో కిన్నెర పాఠం

మా చెల్లెలి కొడుకు బెంగళూరులో జానపద తీగవాద్యం కిన్నెర నేర్చుకుంటున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం క్లాసుందని తెలిసి శనివారమే అనంతపురంలో రైలెక్కాను. యశ్వంత్‌పూర్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రో పట్టుకుంటే జేపీ నగర్ దాకా మారే పని లేదు. అక్కడే 2019లో తెరిచిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం ఉంది. సాయంత్రం దాకా అందులోనే తిరిగాను. తోటలో మనమే వాయించి చూసే వాద్యాలున్నాయి, పిల్లలు వదలరు.

మర్నాడు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో క్లాసు. నేర్పే సారుది పాలమూరు వైపు. అందరికీ కలిపి ఒకటే కిన్నెర. వెదురు కర్ర, కింద సొరబుర్రలు, పైన వేళ్ళతో నొక్కడానికి మైనంతో అంటించిన పన్నెండు మెట్లు. ఒక మెట్టు కదిలింది. సారు అగ్గిపుల్ల గీసి మైనాన్ని కాస్త వేడి చేసి, బొటనవేలితో అదిమి, తీగ మీటి చూసి, మళ్ళీ వెంట్రుకవాసి జరిపారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

మావాడు మెట్లు లెక్కపెట్టుకుంటూ నొక్కుతుంటే ఆపేశారు. "గట్ల కాదు బిడ్డా, ముందుగాల పాట పాడు. వేళ్ళు ఎనక అవే వస్తయి." ఏ వాద్యం తీరు దానిదే అన్నారు. తత్త్వాలు పాడేటప్పుడు మీటే ఏకతారకు ఒకటే తీగ, శ్రుతి పట్టుకుంటే చాలు. బుర్రకథలో తంబుర భుజాన వేసుకుని, వేలికి అందెతో, అడుగులేస్తూ మీటాలి. కిన్నెరకు మెట్లున్నాయి కాబట్టి గొంతు ఎటు పోతే వేలు అటు పోవాలి. మూడూ ఆయన వాయించి చూపించారు. తంబుర కోసం లేచి నిలబడ్డారు కూడా. కూర్చుని వాయిస్తే అది బుర్రకథే కాదన్నారు.

"సార్, ఇదివరకు దీన్ని ఎవరు వాయించేవాళ్ళు?" అని ఒక పాప అడిగింది. డక్కలి కులం వాళ్ళు మాదిగల ఇళ్ళకు వచ్చి, మాదిగల పుట్టుక కథ జాంబపురాణం చెప్పడం, వాళ్ళిచ్చిన దాంతోనే బతకడం, పాలమూరులో పేదల పక్షాన నిలిచిన పండుగ సాయన్న కథ పాడటం, అన్నీ చెప్పుకొచ్చారు. వెనక నుంచి ఒకావిడ, "పిల్లల ముందు ఈ కులాల గోల ఎందుకండీ?" అంది. 2022లో కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చిందని చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆవిడే! సారు నవ్వి, చెబుతున్నది ఆపకుండా చెప్పారు. నాకైతే ఆ పది నిమిషాలే అసలు పాఠం. అది తీసేస్తే మిగిలేది వేళ్ళ కసరత్తు.

క్లాసయ్యాక సారు నా దగ్గరికొచ్చి, "అక్కా, మీ దిక్కు ఎండిన సొరబుర్రలు దొరుకుతయా? పిల్లలకు చిన్న కిన్నెరలు చెయ్యాలె" అన్నారు. రైల్లోంచే అన్నయ్యకు ఫోన్ చేశాను. విత్తనాలకని అటక మీద పెట్టినవి నాలుగున్నాయట. వదినను అడిగి చెబుతానన్నాడు.