పాపను ‘నాన్నా’ అని పిలిస్తే

మా పాపను నేను ‘నాన్నా’ అనే పిలుస్తాను. ఒట్టావాలో పుట్టి పెరుగుతున్న పిల్ల కదా, ఓ రోజు నిలదీసింది: “నేను నీకు నాన్నని ఎలా అవుతానమ్మా?” ముద్దుకు అలా అంటాంలే అని తప్పించుకున్నాను.

నాలుగో తరగతిలో ఇన్యూట్‌ల మీద, అంటే కెనడా ఉత్తరాన మంచు ప్రాంతాల్లో ఉండే ఆదివాసుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. దూదితో ఓ ఇగ్లూ చేసిస్తే పనైపోతుందనుకున్నా. (వాళ్ల భాషలో ఇగ్లూ అంటే ఇల్లు, మంచుదే కానక్కర్లేదు.) తీరా చదవడానికి కూర్చుంటే ఇద్దరం పేర్ల దగ్గరే ఆగిపోయాం. పోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెట్టడం వాళ్లకూ ఉంది. కాకపోతే అక్కడ పేరుతో పాటు వరస కూడా వచ్చేస్తుంది. పేర్లకు ఆడా మగా తేడా లేదు. తల్లి తన తండ్రి పేరు కూతురికి పెట్టుకుంటే, ఆ పిల్లను ‘అతాత’ అని, అంటే నాన్న అని పిలవొచ్చు. పెద్దల పేరున్న బిడ్డను గట్టిగా కసరడానికి కూడా వెనకాడతారు. మా అక్కకు నాయనమ్మ పేరు పెట్టారు. అత్తగారి పేరుతో తిట్టలేక అమ్మ దానికి చిట్టి అని ఇంకో పేరు తగిలించింది!

“అయితే నువ్వు కరెక్టుగానే పిలుస్తున్నావ్” అని పాప సంబరపడింది.

తర్వాతి పేజీ అంత సరదాగా లేదు. వాళ్లకు ఇంటిపేర్లు ఉండేవి కావు. లెక్కలు రాసుకోవడం కష్టంగా ఉందని 1941 నుంచి కెనడా ప్రభుత్వం మనిషికో నంబరు బిళ్ల ఇచ్చింది. తూర్పువాళ్లకు ‘E’ అక్షరం, పడమటివాళ్లకు ‘W’, ఆ పక్కన అంకెలు. మెడలో వేసుకోవడమో, బట్టలకు కుట్టుకోవడమో. 1968-71 మధ్య ఏబ్ ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరా తిరిగి, ఎవరికి ఏ ఇంటిపేరు కావాలో వాళ్లనే అడిగి రాయించాడు.

వచ్చిన కొత్తలో ఇక్కడ ఒకాఫీసులో నన్ను ఇంటిపేరు పెట్టి పిలిస్తే వారం రోజులు గొణిగాను. ఆ బిళ్ల గురించి చదివాక సిగ్గేసింది. నేను టికెట్ కొనుక్కుని వచ్చినదాన్ని. వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు, నంబరే వాళ్ల ఇంటికి వచ్చింది.

“మరి నాకు ఎవరి పేరు పెట్టారు?” అంది పాప. ఎవరిదీ కాదు. టీచర్లకు నోరు తిరగాలని రెండక్షరాల పేరు వెతికి పెట్టాం. అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పోయిన మా నాన్న పేరు అడిగి, నా చేత రెండుసార్లు పలికించుకుని, ప్రాజెక్టు అట్ట వెనక పెన్సిల్‌తో రాసుకుంది.