మిరుగు నాడు చూసిన సినిమా

జూన్ 8, ఆదివారం

పొద్దున ఆరింటికే మా ఆయన చేపలకు వెళ్లారు. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, హనుమకొండలో చేపల దగ్గర నిలబడటమంటే మాటలు కాదు. ఎనిమిదిన్నరకు కిలోన్నర బొచ్చెతో వచ్చారు, చొక్కా అంతా తడిసిపోయింది. అమ్మ నిన్ననే ఊరి నుంచి వచ్చింది. ఇంగువ బెల్లంలో కలిపి చిన్న ఉండలు చేసి మా అందరి చేతుల్లో పెట్టింది, మింగేదాకా ఎదురుగానే నిలబడింది.

పన్నెండో తారీఖున బడి తెరుస్తారు. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలకు మొదటి వారంలోనే ఒక డాక్యుమెంటరీ చూపించాలని సెలవుల్లో అనుకున్నాను. ఇరవై ఏళ్ల కిందటి సినిమా, మన వరంగల్ పత్తి రైతుల మీద తీసినది. బీటీ పత్తి అంటే కాయతొలుచు పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా మార్చిన పత్తి. దానికి దేశంలో అనుమతి వచ్చిన మొదటి సంవత్సరం, 2002లో, ఇక్కడి చెలకల్లో ఏం జరిగిందో అందులో ఉంటుంది. ఈ మాట చెబితే మా బడిలో ఒక సారు అన్నారు: "మేడమ్, అది బీటీ వద్దనే ఉద్యమం వాళ్లు తీసుకున్న సినిమా. ఒక వైపే మాట్లాడుతుంది. పిల్లలకు ఎందుకు?" ఆయన చెడ్డగా అనలేదు, నిజంగానే అడిగారు. ఆ ప్రశ్న నెల రోజులుగా నాతోనే ఉంది. చేపల కూర పొయ్యి మీద పెట్టి, ఇవాళ ఇంకోసారి చూసి తేల్చుకుందామని పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. అమ్మ చేటలో కందులు పోసుకుని వచ్చి పక్కనే కూర్చుంది.

"ఎవలు తీసిన్రు బిడ్డా ఇది?" అంది కాసేపటికి.

చెప్పాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అని ఊరు ఉందమ్మా, ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తీశారు. ఎక్కువ మంది దళితులు, చెలక చేసుకునేవాళ్లు, కొందరికి చదువు రాదు. కెమెరా పట్టుకున్నది వాళ్లే, ప్రశ్నలు అడిగింది వాళ్లే.

అమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. "నా అసొంటోళ్లా?"

"నీ అసొంటోళ్లే అమ్మా."

వాళ్ల గురించి నాకు తెలిసింది ఇక్కడ రాసుకోవాలి, పిల్లలకు చెప్పాల్సింది కూడా ఇదే కాబట్టి. వాళ్లది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, 1983లో మొదలైంది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు పెట్టుకుని, పడావు పడిన ఎర్రనేలల్లో మళ్లీ జొన్న, సద్దలు, కొర్రలు, సామలు, తైదలు పండించారు. విత్తనం కొనకుండా ఇంట్లోనే దాచుకోవాలన్నది వాళ్ల మొదటి పట్టు. బుట్టలకు మట్టి, పేడ మెత్తి, బూడిద, వేపాకు కలిపి దాచిన గింజలు సంఘం మనిషి ఎవరు అడిగినా ఇస్తారు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక ఎక్కువే కలిపి తిరిగి ఇస్తారు. యాసంగిలో నీళ్లు పెట్టకుండా నల్లరేగడిలో మంచుకే పండే శనగ, కుసుమ లాంటి వాటిని "సత్యం పంటలు" అంటారు. ఎంత మంచి మాట! సంక్రాంతికి ఎడ్లబండ్లు కట్టి, వాటి నిండా విత్తనాలు పెట్టుకుని, పాత పంటల జాతర అని నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతారు.

వీళ్ల చేతికి కెమెరా రావడానికి కారణం సొసైటీ పెట్టినవారిలో ఒకరైన పి.వి. సతీష్. ఆయన అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. అక్షరాలు రానంత మాత్రాన తమ మాట లోకానికి వినిపించకుండా ఎందుకు ఉండాలి అన్నది ఆలోచన. నేర్చుకున్నారు, నేర్చుకున్నాక సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆ దారిలోనే 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. అక్కడ మైకు ముందు కూర్చునేది కూడా పల్లె ఆడవాళ్లే. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. అదే ఏడాది ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన సంగతి వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. దొర గద్దె మీద నుంచి కూలీని చూసే చూపు అది. కెమెరా, ఎదుటి మనిషి ఒకే ఎత్తులో ఉండి కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే అది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు కదా, ఒకరు పైన ఒకరు కింద ఉండరు. సినిమా పాఠాలు చెప్పే పుస్తకాలు చాలా ఉంటాయి, కానీ కెమెరా ఎక్కడ పెట్టాలన్నది ఎవరు ఎవరిని ఎలా చూస్తున్నారన్న ప్రశ్న అని ఇంత సూటిగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

ఇది చెబితే అమ్మ నవ్వలేదు. "నిజమే కదా," అని మళ్లీ కందుల్లో చెయ్యి పెట్టింది.

సినిమాలో రైతులు చేలల్లో నిలబడి మాట్లాడతారు. తీసినవాళ్లు ఒక్కసారి వచ్చి వెళ్లిపోలేదు. సీజన్ పొడవునా మళ్లీ మళ్లీ వచ్చారు. మొదట్లో రైతు మాటలో ఉన్న ఆశ చివరికి కోపంగా ఎట్లా మారిందో మనకు కనిపిస్తుంది. ఇవాళ అమ్మ పక్కన కూర్చుని చూస్తుంటే ఇంకొకటి తెలిసింది. ఆ ఏడాది మా చెలకల్లో ఏమైందో మా ఇంట్లో కూడా ఎవరూ ఎవరినీ అడగలేదు.

2002లో నేను డిగ్రీలో ఉన్నాను, హాస్టల్లో. బాపు నాలుగెకరాలకు నాలుగు ప్యాకెట్లు ఉద్దెర తెచ్చారని మాత్రం తెలుసు. ఒక్కో ప్యాకెట్‌లో 450 గ్రాములు, 1,600 రూపాయలు. మామూలు హైబ్రిడ్ అందులో మూడో వంతు కూడా ఉండేది కాదు. పురుగు రాదు, మందు కొట్టే పని లేదు అన్నారు. సినిమాలో ప్యాకెట్ల మాట రాగానే అమ్మ చేట పక్కన పెట్టేసింది.

"దాంట్ల ఇంకో చిన్న ప్యాకెట్ ఉండె బిడ్డా. గదెందుకో ఎవలు చెప్పలె. నేను పోగుంటలల్ల పెట్టిన."

ఆ చిన్న ప్యాకెట్ 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ ఐదు వరుసలు వేయాలి, పురుగుకు ఆ విషాన్ని తట్టుకునే గుణం తొందరగా రాకుండా. ఇవాళ నేను పాఠంలో చెప్పగలను. ఇరవై మూడేళ్ల కింద మా అమ్మకు చెప్పినవాళ్లు లేరు. మొలవని చోట్లలో ఆ గింజలు పెట్టి, ఒక్క గింజ కూడా వృథా పోలేదని సంతోషపడిందట.

సినిమా నడుస్తూనే ఉంది. అమ్మ మాత్రం సొంత కథ చెప్పడం మొదలుపెట్టింది. పచ్చపురుగు మొదట్లో తక్కువే ఉందట. కానీ పేనుబంక, దోమ పట్టుకున్నాయి. వాటిని ఆ గింజ ఆపదు కదా. మందు డబ్బాలు మళ్లీ ఉద్దెర వచ్చాయి. కాయ చిన్నది. ఏరడానికి కూలోళ్లు రామన్నారు, రోజంతా ఏరినా కిలోలు తేలవని. చివరికి మార్కెట్‌కు తీసుకుపోతే వ్యాపారి చేతిలో పత్తి సాగదీసి చూసి, పింజ పొట్టిగా ఉందని ధర తగ్గించాడు. బాపు ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు మాత్రం హాస్టల్‌కు డబ్బు ఆ నెల కూడా టైముకే వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇవాళ అడిగాను. "నా పుస్తెల్తాడు," అంది, టీవీ వైపే చూస్తూ.

నేను లేచి పోయి కూర మూత తీసి చూసి వచ్చాను. అప్పుడు ఏం మాట్లాడాలో తెలియలేదు.

సారు అడిగిన ప్రశ్నకు వస్తాను. అవును, ఈ సినిమా ఒక వైపు నిలబడి తీసిందే. బీటీ వద్దని, విత్తనం రైతు చేతిలోనే ఉండాలని చెప్పడానికే తీశారు, ఆ సంగతి దాచలేదు కూడా. ఆ ఏడు వానలు కూడా సరిగా పడలేదు. దేశమంతా కరువు. నష్టంలో కరువు వాటా ఎంత, గింజ వాటా ఎంత అని అడగడం న్యాయమే, పిల్లలతో ఆ ప్రశ్న తప్పకుండా అడిగిస్తాను. ఆ ఏడాది పంట మీదే వ్యవసాయ శాస్త్రవేత్తలు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి వరంగల్ రైతుల లెక్కలు తీసి అధ్యయనం రాశారు, దాని పక్కన పెట్టి చూడాలి. కానీ అప్పట్లో పత్తి గింజ గురించి మా ఊళ్లకు వచ్చిన మాటలన్నీ ఇంకో వైపు నుంచే వచ్చాయి. పోస్టర్లు, మైకు కట్టిన జీపులు, దుకాణం ముందు బ్యానర్లు. వాటిని ఒక వైపు అని ఎవరూ అనలేదు. నష్టపోయిన మనిషి పక్కన నేల మీద కూర్చుని "ఏమైందే?" అని అడిగితే మాత్రం అది ప్రచారం అయింది. నాకు ఇది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఎటు నిలబడిందన్నది మొదట చూద్దాం, చెప్పింది నిజమా కాదా అన్నది కూడా చూద్దాం. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

వాళ్లు గెలిచారా అంటే పూర్తిగా లేదు. 2005లో మొదటి మూడు బీటీ రకాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం కేసు వేసి పోరాడితే 1,850 ఉన్న ప్యాకెట్ ధర 750కి దిగింది. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయను కేంద్రం ఆపింది. వీటి వెనుక ఎంతో మంది కష్టం ఉంది, ఈ ఆడవాళ్ల మాట కూడా ఉంది. వాళ్లు ఆఫ్రికా దాకా వెళ్లి అక్కడి పత్తి రైతులతో కూడా మాట్లాడి వచ్చారు. అయినా ఇవాళ మన ఊళ్లలో బీటీ కాని పత్తి గింజ కావాలంటే దొరకదు. గులాబీ రంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం కూడా నేర్చేసుకుంది. మా తమ్ముడు ఏటా కాయ పగలగొట్టి చూపిస్తాడు, లోపల ఎర్రగా, చిన్నగా ఉంటుంది.

సినిమా అయిపోయేసరికి పన్నెండయింది. అమ్మ ఒక్క మాట అంది: "మన దగ్గరికి కూడా వచ్చి అడిగితే చెప్పకపోతుమా."

నేను ఫోన్ తీశాను. సోఫా మీద కూర్చుంటే అమ్మ కిందికి కనిపిస్తోంది. దిగి చాప మీద ఎదురుగా కూర్చున్నాను, ఫోన్ ఆమె కళ్ల ఎత్తులో పట్టుకున్నాను. "అమ్మా, మన చెలకల పత్తి కంటే ముందు ఏమేం వేస్తుండె?" అని అడిగాను. మొదట కొంగు సర్దుకుంది, తర్వాత ఫోన్ సంగతి మరిచిపోయింది. పచ్చజొన్న. అందులో సాళ్లుగా కంది. గట్ల మీద అనుములు. పెసర, బబ్బెర్లు. అంచు మీద పుంటికూర, దాని నార కూడా తాళ్లకు పనికొస్తుంది. పద్నాలుగు పేర్లు చెప్పింది. రెండు నేను ఎప్పుడూ వినలేదు. వాటిని మళ్లీ పలికించుకుని ఈ డైరీ వెనక పేజీలో రాసుకున్నాను. పదకొండు నిమిషాల వీడియో వచ్చింది. బడిలో సినిమా అయ్యాక ఇది కూడా చూపిస్తాను. పిల్లలను వాళ్ల అవ్వల దగ్గరికి, తాతల దగ్గరికి ఇదే ప్రశ్నతో పంపిస్తాను. సారును కూడా పిలుస్తాను, ముందు వరుసలో కూర్చోమంటాను.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. నాలుగు చినుకులు పడ్డాయట, ప్యాకెట్లు తెచ్చేశాడట, రేపో ఎల్లుండో పత్తి పెడతారు. అమ్మ ఫోన్ నా చేతిలో నుంచి తీసుకుంది.

"అరేయ్, పది సాళ్లకొక కంది సాలు ఇడువు. గింజలు నేను తెస్త. కొనకు."

"పెద్దమనిషివి, ఇప్పుడు గవన్నీ ఎందుకే?" అన్నాడు వాడు.

"ఇడువు అంటున్న," అంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత బాపు గొంతు వినిపించింది, దూరం నుంచి: "ఇడుస్తం తియ్, అను."

పొద్దున చేటలో అమ్మ ఏరింది ఆ కందులే. వంటకు అనుకున్నాను. పుచ్చులు తీసేసి, మంచివి పాత చీర ముక్కలో మూటకట్టి బ్యాగు పక్కన పెట్టుకుంది. రేపు పొద్దున ఏడింటి బస్సుకు వెళ్తానంటోంది.