గువ్వలచెరువు ఘాట్‌లో లాగని బండి

ఆదివారం, రాత్రి 9.40

పోయిన వారం రాయచోటికి పోతా గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నప్పుడు జరిగింది ఇంకా కళ్ళ ముందే ఉంది. ముందర బండల లారీ. దాన్ని దాటబోతే, మూడో గేర్‌లో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా నా డీజిల్ స్విఫ్ట్ కారు లాగలేదు. ఎదురుగా మలుపు. వెనక సీట్లో అమ్మ, పిల్లోడు. సగం దాటినాక మళ్ళీ లారీ వెనక్కే తగ్గాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక కూడా చేతుల వణుకు తగ్గలా.

ఆ రాత్రే బెంగళూరులో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేస్తే, "బావా, రీమ్యాప్ చేయించు. స్టేజ్ 1 చాలు, పాతికవేలు, ఒక పూటలో అయిపోతాది" అన్నాడు. అంటే విడిభాగాలు మార్చకుండా, ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి జోరు పెంచడం. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో కొట్టే ఫ్యాన్, ఉన్న వాడి పెట్రోల్ కారుకు చేయించుకున్నాడు. నేను కూడా నడిపినా, నిజంగానే బాణం మాదిరి పోతుంది. పోయినేడు వాడు చెప్పిన కోన్ ఫిల్టరే, కంపెనీ కాగితం ఫిల్టర్ తీసేసి బయట పెట్టే నూనె గుడ్డ గాలి ఫిల్టర్, నా బండికీ వేయించినా. పాతికవేలు పక్కన పెట్టుకున్నా, కానీ బెంగళూరుకు బయల్దేరే ముందు మా మెకానిక్ భాయ్‌కు ఒకసారి చూపించాలనిపించి పొద్దున ఆరుకే షెడ్డుకు పోయినా.

భాయ్ ఏమీ మాట్లాడకుండా బానెట్ ఎత్తి, ఫిల్టర్ ఊడదీసి, దాని వెనక పైపులో చూపుడు వేలు పెట్టి తిప్పి నా ముందు పట్టినాడు. వేలి కొసకు బూడిద రంగు పొడి, పౌడర్ అంత సన్నగా. "ఇది సూడు సార్. ఫిల్టర్ దాటినాక గూడా ఇంత దుమ్ము" అన్నాడు. నేను రోజూ ఎర్రగుంట్ల దాకా పోయొస్తా. సిమెంటు లారీలు, సున్నపురాయి టిప్పర్లు, నాపరాళ్ళ లోడ్లు తిరిగే రోడ్డది. నూనె పూసిన గుడ్డ ఫిల్టర్ గాలిని ధారాళంగా వదులుతుంది, కాగితం ఫిల్టర్ ఆపేంత సన్న దుమ్మును మాత్రం ఆపలేదు. ఆ దుమ్ము నేరుగా పోయి తగిలేది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో రెక్కలకే. పైగా బయట పెట్టిన కోన్ బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి 9 శాతం దాకా పల్చన. కడప ఎండల్లో దానివల్ల లాభం ఎక్కడిది?

అసలు సంగతి ఇంకోటి. టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపును భాయ్ చేత్తో వంచితే, క్లిప్పు పక్కన వెంట్రుక మందాన చీలిక తెరుచుకుంది. చుట్టూ నల్లటి ఆయిల్ తడి. టర్బో కొట్టే గాలి అక్కడే బయటికి పోతుంటే ఘాట్‌లో బండి లాగేదెట్లా? డీజిల్ ఫిల్టర్ కూడా మార్చి చాలా కాలమైంది. పైపు, క్లిప్పులు, రెండు ఫిల్టర్లు, కూలీ, అన్నీ కలిపి 3,900 అయింది. కాగితం ఫిల్టర్ మళ్ళీ దాని పెట్టెలోకే వచ్చింది.

రీమ్యాప్ సంగతి కూడా అడిగినా. కంప్యూటర్‌లో కంపెనీ పెట్టిన హద్దుల్ని జరిపి, టర్బో ఒత్తిడిని, పోసే డీజిల్‌ను పెంచుతారు. చీలిన పైపుతోనే పోయి, అక్కడివాళ్ళు గమనించకుండా చేసి ఉంటే, ఎక్కువ డీజిల్, తక్కువ గాలి, నల్ల పొగ. బండి బాగున్నా సరే, ఈ ఇంజన్ లాగే బలం (టార్క్) 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్లు, క్లచ్ ఆ లెక్కకే చేసింది. అంతకు బాగా మించి లాగిస్తే జారొచ్చు. బామ్మర్ది తన కారు క్లచ్ తొందరగా అరిగి ముందే మార్పించుకోవాల్సి వచ్చిందని నాకు ఈ రోజే చెప్పినాడు. ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. టర్బో లేని పెట్రోల్ బండికైతే రీమ్యాప్‌తో పెరిగేది చాలా స్వల్పం. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా బండిని మార్చితే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా. ప్రమాదమైతే బీమా కంపెనీ అదే సాకుగా చూపొచ్చు.

రేసు ట్రాక్ మీద నడిపేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు ఇంజన్‌తో పాటు బ్రేకులు, టైర్లు, క్లచ్ అన్నీ మార్చుకుంటారు. అమ్మను ఎక్కించుకుని తిరిగే నాకు కావాల్సింది కంపెనీ ఇచ్చిన ఆ 190 పూర్తిగా రావడమే. ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ ఇంజన్ ఇది. 2020లో బీఎస్-6 అనే పొగ నియమాలు వచ్చాక మారుతి డీజిల్ కార్లే ఆపేసింది. దీన్ని చెడగొట్టుకుంటే ఇట్లాంటిది కొత్తది దొరకదు, ఆ దిగులు నాకు నిజంగా ఉంది.

సాయంత్రం ఘాట్‌కే పోయినా. అదే ఎత్తు, అదే మూడో గేర్. 2000 దగ్గర వీపు సీటుకు అదుముకుంది. పైన పాలకోవా అరకిలో కట్టించుకుని, దిగేటప్పుడు మలుపుల్లో టైర్లు కుయ్యిమంటుంటే అనుమానమొచ్చింది. ఇంటికొచ్చి సెల్లు లైటు వేసి టైరు పక్కన అచ్చు చూసినా. 2318. అంటే 2018లో 23వ వారం తయారీ. నాలుగింటి మీదా అదే.

ఆ పాతికవేలు కొత్త టైర్లకే. బుధవారం సెలవు పెట్టి పోవాలి.