నాలుగు కాళ్ళలో ఒకటి నోరు మూసింది

నేను వెల్డ్ చేసిన ఇనుప మంచానికి తలవైపు కుడి కాలు కిర్రు మానేసి నోరు మూసింది! మిగతా మూడు మూలలూ ఇంకా కిర్రుమంటూనే ఉన్నాయి. అయినా సంగతి ఎక్కడుందో దొరికింది కాబట్టి ఈపాటికి సగం టెన్షన్ పోయింది.

ముందు బాగా వచ్చినవి చెప్పేస్తాను. ఫ్రేము లోపలి కొలత 1,990 × 1,535 మి.మీ., అంటే 78 × 60 అంగుళాల పరుపు చుట్టూ సుమారు 5 మి.మీ. సందు. మూల నుంచి మూలకు 2,513 రావాలి, ఒకవైపు 2,513, రెండోవైపు 2,515 వచ్చింది. రసమట్టం పెడితే బుడగ మధ్యలోనే నిలిచింది. అంతే.

ఇక కిర్రు సంగతి. కాళ్ళు ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజీ (1.6 మి.మీ. మందం). సైడు పట్టీలు మూడు బై ఒకటిన్నర. పట్టీ చివర 6 మి.మీ. ప్లేటు, ప్లేటు వెనక వెల్డ్ చేసిన నట్లు, కాలి బయటి నుంచి రెండేసి ఎం8 (8 మి.మీ.) బోల్టులు. విప్పితే మెట్ల మీదుగా మేడెక్కించుకోవచ్చు. మొదటి రాత్రి పడుకుని పక్కకి తిరిగితే తలుపు తీసినట్టు చప్పుడు. పక్క గదిలోంచి అమ్మ, "ఏట్రా ఆ సప్పుడు? అప్ప వొచ్చేలోపు సూడు నాన్నా" అంది. అప్ప, బావ పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వస్తారు, దసరా వెళ్ళిన మంగళవారం. ఆ రోజు విజయనగరంలో ఏ ఇంట్లోనైనా ఖాళీ మంచం ఉండదు, మా ఇంట్లో అసలే ఉండదు.

బరువు వల్లేమో అనుకుని 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు పేర్చి చూశాను. నిశ్శబ్దం. బస్తాలు పక్కకి తిరిగి పడుకోవు కదా! అంటే కిందికి పడే బరువు కాదు, పక్కకి ఊగడమే కారణం. పరుపు, ప్లైవుడ్ తీసేసి తలవైపు ఫ్రేమును చేత్తో ఊపితే అదే చప్పుడు. ప్లైవుడ్ కింద ముందే గోనె పట్టీలు పరిచాను, దాని తప్పేం లేదని తేలిపోయింది. స్క్రూడ్రైవర్ మొన కాలికి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో మూలా విన్నాను. నాలుగూ పాడుతున్నాయి, తలవైపు కుడిది అన్నిటికంటే గట్టిగా.

బోల్టు తలల మీద మార్కరుతో గీతలు గీశాను. తెల్లారి గీత గీతలాగే ఉంది, ఒక్క డిగ్రీ తిరగలేదు. కానీ పానా పెడితే పావు తిప్పు సుఖంగా ఎక్కుతోంది. ఎం8 మర పిచ్చు, అంటే ఒక తిప్పుకి దిగే దూరం, 1.25 మి.మీ., పావు తిప్పు అంటే 0.3 మి.మీ. బోల్టు తిరగకుండా ఆ 0.3 ఎక్కడికి పోయినట్టు? ఇక్కడే నా బుర్ర తిరిగింది.

కాలికి వెర్నియర్ పెట్టాను. బోల్టుకి దూరంగా 38.0, బోల్టు పక్కన 37.1. పైపు గోడ 1.6 మి.మీ. రేకే కదా, వాషరు దాన్ని లోపలికి నొక్కేస్తోంది. మనం బోల్టు బిగించామనుకుంటాం, నిజానికి పైపు సొట్టపోతోంది. రేకు కాస్త లొంగగానే బోల్టులోని బిగువు పోతుంది. బిగువు లేని చోట ప్లేటు, కాలు ఒకదానిమీద ఒకటి జారి, పట్టి, మళ్ళీ జారతాయి. ఆ జారడమే కిర్రు. దాసన్నపేటలో నేను రాడ్లు కొనే చోటి మేస్త్రీకి చూపిస్తే ఒక్క మాటలో తేల్చేశాడు: "బోల్టు దిగడం లేదు బాబూ, పైపు దిగతంది."

ఈ మధ్యలో చేసిన వైద్యాలు: స్ప్రింగు వాషరు వేస్తే ఏ తేడా లేదు. బోల్టు తిరిగిపోవడం లేదు కాబట్టి అది చెయ్యగలిగిందీ లేదు. సైకిల్ ట్యూబు కోసి మధ్యలో పెడితే చప్పుడు మాయం, ఊగుడు మాత్రం డబుల్. లగేజీ తూచే కొక్కెం త్రాసుతో తలవైపు కాలి పైచివర 10 కిలోలు లాగితే అంతకుముందు 6 మి.మీ. కదిలేది, రబ్బరుతో 11. గ్రీజు రెండు రాత్రులు బాగానే పనిచేసింది, తర్వాత దుప్పటికి నల్లమరక, మళ్ళీ కిర్రు. 30 మి.మీ. వెడల్పు వాషరు కొంత నయం.

పనిచేసింది బుష్షు. లోపల 9, బయట 13 మి.మీ. ఉన్న పైపు ముక్క. కాలి బయటి గోడకి 13.5 బెజ్జం, లోపలి గోడ బెజ్జం పాత 9 మి.మీ.లోనే. బుష్షు పొడవు 36.4, అంటే 38లోంచి లోపలి గోడ మందం 1.6 తీసేసినంత. లోపలి గోడకి ఆని, బయటి గోడతో సమంగా నిలవాలి. ఒక ముక్క 36 కోసేశాను, పక్కన పారేశాను. అర మిల్లీమీటరు తక్కువైనా మళ్ళీ రేకే బిగుసుకుంటుంది. ఆకురాయితో సరిచేసి, బయట చుట్టూ 2.5 రాడ్డు 65 ఆంపియర్ల మీద చిన్న చిన్న టాకులు (వెల్డు చుక్కలు) కొట్టి గ్రైండ్ చేశాను. ఇప్పుడు పానా బిర్రుగా ఆగుతోంది, తెల్లారి పావు తిప్పు ఎక్కలేదు. 10 కిలోలకి 3 మి.మీ. కదులుతోంది, చప్పుడు లేదు. ఒక జాగ్రత్త: దొరికే ముక్క జీఐ పైపైతే జింకు పూత గీకేశాకే వెల్డ్ చెయ్యండి, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం రావచ్చు.

వెల్డింగు మిషను లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. వాషరుకి బదులు కాలి వెడల్పంతా వచ్చే 5 మి.మీ. ప్లేటు ఒకటి రెండు బోల్టులకీ కలిపి వెయ్యండి. అప్పుడు భారం రేకు నడుమ మీద కాకుండా పైపు అంచుల మీద పడుతుంది. ఒక మూల పెట్టి చూశాను, మూడొంతులు తగ్గింది. అమ్మకి మాత్రం అతుకు వేసినట్టుందిట.

రెడీమేడ్ మంచాలు కొన్ని 18 గేజీ, అంటే 1.2 మి.మీ. అందులో బోల్టు ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాదు. వాటిని బిగించేటప్పుడు చేతి బలం చూపించొద్దనే నా సలహా. పానాలకి టాపారియా కంపెనీవి చాలు, దిగుమతి సెట్ల మీద డబ్బు దండగ. పౌడరు కోటింగు అందరూ బాగుంటుందంటారు గానీ, విప్పి బిగించే మంచానికి నేను వేయించను. రెండు ముఖాలు కలిసే చోట మందపాటి పూత ఉంటే అది కూడా నలిగి బిగువు తినేస్తుంది. రెడ్ ఆక్సైడు, పైన ఎనామిల్, కలిసే ముఖాల మీద మాత్రం పలచగా మైనం.

ఇంకో అనుమానం మిగిలే ఉంది. కాళ్ళవైపు ఎడమ మూలలో ప్లేటు అంచు దగ్గర 0.4 మి.మీ. ఫీలరు గేజీ (సందు కొలిచే పలచని రేకు) దూరుతోంది. వెనక నుంచి వెల్డ్ చేసినప్పుడు అంచులు వెనక్కి లాగి, ప్లేటు ముఖం మధ్యలో ఉబ్బింది. అక్కడ బుష్షు వేసినా టక్కుమనే శబ్దం మిగులుతుందని నా లెక్క. ఉబ్బు గీకి చదును చేశాకే ఆ మూల బుష్షు. తర్వాతి ఫ్రేముకైతే రెండు ప్లేట్లు ముఖం ముఖం ఆనించి, సీ క్లాంపుతో బిగించి, రెండువైపులా మార్చి మార్చి వెల్డ్ చెయ్యాలి.

అవును, తర్వాతి ఫ్రేము ఉంది. మేనల్లుడికి ఆరడుగుల సింగిల్ కాటు, కింద సొరుగులతో. సొరుగుల చానళ్ళు 18 అంగుళాలా 20 అంగుళాలా తేల్చుకోవాలి. ఈ ఆదివారం మిగతా మూడు మూలలకి ఆరు బుష్షులు కోస్తాను, ఈసారి అన్నీ 36.6కి కోసి ఆకురాయితో దించుతాను.