పెన్న మడుగుల్లో నీళ్ళు కాదు, బురద చూడండి

ఎండాకాలం నెల్లూరు ఆనకట్ట దిగువన పెన్న మడుగులు కట్టి నిలుస్తుంది. ఊరి మురుగు చేరే మడుగుల్లో నీళ్ళు తేటగా కనిపించినా, సీసాడు నీళ్ళు పరీక్ష చేయించి నదికి ఢోకా లేదనుకోవడం తప్పు. సీసం, కాడ్మియం, రాగి, బండ్ల పొగలోంచీ నూనెలోంచీ వచ్చే పీఏహెచ్‌లనే (పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు) విష రసాయనాలూ అడుగునే పేరుకుంటాయి. అదీ ఇసుకలో కంటే 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలోంచి దిగిపోయే మెత్తటి ఒండ్రులోనే ఎక్కువ.

కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే నల్ల బురదలో లోహాలు సల్ఫైడ్‌తో కలిసి కదలకుండా ఉంటాయి. యంత్రాలతో తవ్వినా, తొలి వరద వచ్చినా ఆ బురద లేస్తుంది. ఆక్సిజన్ తగలగానే లోహాలు కొంత నీళ్ళలోకి దిగుతాయి.

కొరమీను బతికే ఉంది కదా, మడుగు మంచిదేననే మాట వినిపిస్తుంటుంది. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, దాన్ని నమ్ముకుంటే మోసపోతాం. అడుగున మీసాలతో తడుముతూ పురుగులు ఏరుకునే జెల్లను చూడాలి. ముళ్ళు జాగ్రత్త.

పట్టిన వెంటనే పొడవు, బరువు తీసుకోండి. గ్రాముల్లో బరువును వందతో గుణించి, సెంటీమీటర్ల పొడవు ఘనంతో భాగిస్తే పుష్టి అంకె వస్తుంది. 20 సెం.మీ. జెల్ల 80 గ్రాములుంటే 1.0, 64 గ్రాములే ఉంటే 0.8, అంటే చిక్కిందన్నమాట. గుడ్లతో ఉన్న ఆడచేప బరువు తూగుతుంది కాబట్టి ఒకే జాతిని, ఒకే కాలంలో, దగ్గరదగ్గర సైజువే పోల్చాలి.

తర్వాత మొప్ప ఎత్తండి. ఆరోగ్యమైన మొప్ప ఎర్రగా, పీచు పీచుగా విడివడి ఉంటుంది. దెబ్బతిన్నది పాలిపోయి, జిగురు కమ్మి, కొసలు ఉబ్బి ఉంటుంది. కాలేయం మీద తెల్లటి బొడిపెలుంటే క్యాన్సర్ అనేయకండి, పరాన్నజీవుల తిత్తులూ అలాగే కనిపిస్తాయి. 5 మి.మీ. మించని ముక్క కోసి, దానికి పదింతల 10 శాతం న్యూట్రల్ ఫార్మలిన్‌లో (కణాలు చెడకుండా కాపాడే ద్రావణం) వేసి ల్యాబుకు పంపాలి. చచ్చి ఎండలో పడున్న చేప ఇందుకు పనికిరాదు, కణాలు అప్పటికే చెడిపోయి ఉంటాయి.

అమెరికాలో ఒహాయోలోని బ్లాక్ నదిలోకి పీఏహెచ్‌లు వదిలిన, బొగ్గును కాల్చి కోక్ ఇంధనం చేసే కర్మాగారం 1983లో మూతపడ్డాక, అడుగున తిరిగే బుల్‌హెడ్ చేపల్లో కాలేయ గడ్డలు తగ్గాయి. బురద తవ్విన కొత్తలో మళ్ళీ పెరిగి, ఆ తర్వాత తగ్గాయి. మన దగ్గర పూడిక తీసేవాళ్ళు ముందే బురద పరీక్ష చేయించాలని గట్టిగా అడగాల్సింది ఇందుకే.

నమూనాకు పైపొర 5 సెం.మీ. చాలు. లోహాలకైతే ప్లాస్టిక్ గరిటె, ప్లాస్టిక్ డబ్బా. పీఏహెచ్‌లకు స్టీలు గరిటె, గాజు సీసా. రెండూ ఐస్‌లో పెట్టాలి. పోల్చి చూడ్డానికి ఎగువన సంగం దగ్గర కూడా ఇలాంటి ఒండ్రే తీసుకోండి. అక్కడ ఇసుక, ఇక్కడ బురద పోలిస్తే లెక్క తప్పుతుంది.